బొటనవేలికి కట్టిన తాడు

పంకా తాత పోయాడన్న కబురు భోపాల్‌పట్నం వైపు నుంచి మిర్చి బస్తాలు తెచ్చిన బండివాడి నోట విన్నాను. జగదల్‌పూర్‌లో మా నక్షల ఆఫీసు అరుగు మీద కూర్చుని, తలగుడ్డ విప్పి మెడ తుడుచుకుంటూ చెప్పాడు.

"నిద్రల పోయిండు సారూ. పగటి నిద్రల. చిన్న మనవరాలి ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి కట్టుకొని పండుకున్నడు. ఉయ్యాల ఆగింది, పిల్ల ఏడ్సింది. గప్పుడు తెలిసింది ఇంట్లోల్లకు."

నేను నవ్వాను. లోపల గీతలు గీస్తున్న ఇద్దరూ తలలెత్తి నా వంక వింతగా చూశారు. బండివాడు మాత్రం తప్పు పట్టలేదు. వాడూ నవ్వుతున్నాడు. ఆ ముసలాయన్ని ఎరిగినవాళ్లకు అది ఏడ్చే చావులా తోచదు. పందెం గెలిచినవాడు తలగుడ్డ సర్దుకుని బరిలోంచి నడిచి వెళ్లినట్టుంటుంది.

ఆయన అసలు పేరు నాకు తెలియదు. కచేరీలో పంకావాలా, బజారులో పంకా తాత. ఓవర్సీరు చదువు ముగించి సంస్థానం కొలువులో చేరిన మొదటి వేసవిలో నన్ను ఇంద్రావతి దిక్కుకు పంపారు. అడవిలోంచి నదికి పోయే బాటను కొలవాలి, వాగుల మీద కట్టవలసిన మోరీలకు అంచనా వెయ్యాలి, నక్ష గియ్యాలి. మొదటి రెండు పనులూ సాగాయి. మూడోది సాగలేదు. నక్ష ఎక్కించే ట్రేసింగు గుడ్డకు గంజి పూత ఉంటుంది. దాని మీద చెమటచుక్క పడితే గంజి కరిగి తెల్లటి మచ్చ పడుతుంది, ఆ మచ్చ మీద సిరా పారుతుంది. ఆ ఎండలకు నా నుదుటి నుంచి చుక్క పడని ఘడియ లేదు. నా అవస్థ చూసి, అక్కడి కచేరీలో కాగితాలు చూసే పేష్కారు గారు అధికారి హాల్లోనే ఒక మూల నాకు బల్ల వేయించారు. పంకా గాలి కొస అక్కడిదాకా వచ్చేది.

కూర్చున్న మొదటి రోజునే ఆ పంకా నన్ను ఆశ్చర్యపరిచింది. మనిషి తాడు పట్టి లాగే పంకాకు ఒక తీరు ఉండదు. లాగేవాడి చెయ్యి నొస్తుంది, దోమ కుడుతుంది, దారిన పోయేవాడు పలకరిస్తాడు. ఇది మాత్రం గడియారంలా ఊగుతోంది. నేర్చిన చదువు ఊరుకోనివ్వక ఆ యంత్రాన్ని మొదటి నుంచి చివరిదాకా చూస్తూ పోయాను. దూలం. దూలానికి వేలాడే చాప. చాప అంచున గుడ్డ ఝాలరు. తాడు. గిలక. గోడకు కన్నం. కన్నం అవతల వసారాలో, తాడు చివర, ఒక కాలు. కాలు ఊగుతోంది. కాలు గల మనిషి గురక పెడుతున్నాడు.

వెల్లకిలా పడుకుని, ఎడమ మోకాలు మడిచి, దాని మీద కుడికాలు వేసి, ఆ కాలి బొటనవేలికి తాడు తగిలించుకునేవాడు. కళ్ల మీద తడిగుడ్డ. పక్కన మోదుగాకు దొప్పలో సగం తాగిన అంబలి. పడుకునే ముందు వసారాలో ఉన్న జవాన్లకూ, వాయిదాకు వచ్చినవాళ్లకూ వినబడేలా "ఇగ నేను పోతున్న" అని చెప్పేవాడు, ఏదో ఊరికి బండి కట్టినట్టు. జవాను "పొయ్యిరా తాతా" అనేవాడు. పొద్దు వాలి వసారా స్తంభం నీడ మెట్టును తాకగానే, ఎవరూ లేపకుండానే లేచేవాడు. లేచి, తడిగుడ్డ తీసి, మొట్టమొదట ఒకే మాట అడిగేవాడు.

"ఎవలు గెలిచిన్రు?"

ఆ రోజు విచారించిన దావా ఏదో, ఎవరెవరికో ఆయనకు తెలియదు. తీర్పు చెబితే విని "మంచిగయింది" అనేవాడు. ఎవరు గెలిచినా మంచిగయిందే.

గొప్పలకు లోటు లేదు. ఒకసారి బండి వెనకాల నడుస్తూ నిద్రపోయి, నిద్రలోనే ఒక వాగు దాటానని చెప్పాడు. పేష్కారు గారు "అబద్ధం" అన్నారు. "అబద్ధమైతె నా కాల్లు ఎట్ల తడిసినయి?" అన్నాడు. దానికి జవాబు ఆయన దగ్గరే లేదు, మా దగ్గర ఎలా ఉంటుంది?

నేను రోజును గడులు గీసి పెట్టుకునే మనిషిని. నా గది గోడకు ఒక పట్టిక అంటించి ఉండేది. ఎప్పుడు లేవాలి, ఎప్పుడు స్నానం, ఎప్పుడు కొలతలు, ఎప్పుడు పడక. తాత ఒక పొద్దున నాకు దోసకాయలు ఇవ్వడానికి వచ్చి దాని ముందు నిలబడిపోయాడు.

"ఇదేంది సారూ?"

"నా రోజు లెక్క తాతా. చూడు, నిద్రకు ఎనిమిది గంటలు. మనిషికి అంత కావాలి."

"ఏ మనిషికి?"

"ప్రతి మనిషికీ."

"మా బిడ్డ చంకల పిల్ల దినమంత పంటది. దానికి గింతేనా? కూపుల చెట్టు గొట్టేటోనికి, కచేరీల కుర్సీ మీద కూసునేటోనికి ఒకటే కొలతనా? నీ అంగీ నాకు తొడిగిస్తవా ఏంది?"

"మరి నువ్వే చెప్పు, ఎంత కావాలి?"

గడ్డం గోక్కున్నాడు. "లేసినంక ఎవ్వల మీద కోపం రావద్దు. రాకుంటె సాలినట్టు. వస్తె మల్ల పండుకోవాలె."

నేను చదివిన ఆరోగ్యశాస్త్రం పుస్తకంలో ఇంత చిన్న సూత్రం లేదు. అయినా ఒప్పుకోలేదు. పగటి నిద్ర బద్ధకం పెంచుతుందని వాదించాను. ఆయన తన దొప్ప ఎత్తి చూపించాడు. "జీలుగు కల్లు కుండెత్తి తాగుతరా ఎవలన్న? దొప్పతోని తాగుతరు. నిద్ర గంతే. రాత్రి దొరకనోడు పగలు దొప్పతోని ముంచుకోవాలె. కాని పొద్దుగూకేటప్పుడు ముంచద్దు. గప్పుడు లేస్తె దయ్యం పట్టినట్టుంటది, రాత్రికి నిద్ర రాదు." అందుకే ఆ స్తంభం నీడ. అది మెట్టును తాకిన తరువాత ఆయన రెప్ప వాల్చగా నేనెప్పుడూ చూడలేదు.

రాత్రి ఎందుకు దొరకదో నదికి మట్టాలు తియ్యడానికి వెళ్లిన పొద్దున తెలిసింది. వేసవికి ఇంద్రావతి ఒక పక్కకు ఒదిగిపోతే మిగిలిన ఇసుకలో గుంతలు తీసి, పేడ ఎరువు వేసి, కుండలతో నీళ్లు పోసి ఆయనా, ఆయన బిడ్డా పుచ్చపాదులు పెంచుతున్నారు. అల్లుడు అడవిలో చెట్లు కొట్టే కూపు పనికి పోయాడు, వానలు పడితేగాని రాడు. పాదుల నడుమ చిన్న పాక. పాక నుంచి తోట చుట్టూ తాళ్లు, తాళ్లకు పాత రేకు డబ్బాలు, చీల్చిన వెదురు చప్పట్లు. రాత్రంతా పాకలో కూర్చుని తాత ఆ తాళ్లు లాగాలి. లాగకపోతే నక్కలు వస్తాయి, వాటి వెనక పందులు వస్తాయి.

"ఏది పండిందో మనకంటె ముందు నక్కకు తెలుస్తది సారూ" అంది బిడ్డ, పిల్లను చంకనెత్తుకుని. "వానకాలం తినే గింజలన్ని ఈ కాయల మీదనే. ఇవి పోతె మేము ఏం తినాలె?"

తాత ఇసుకలో చేతులు తోముకుంటూ నవ్వాడు. "రాత్రి తాడు గుంజితె నక్క పోతది. పగలు తాడు గుంజితె దొరల చెమట పోతది. నా బతుకంత తాడే."

అలా సాగుతుండగా కొత్త అధికారి వచ్చాడు. ఉత్తరాది మనిషి. తెలుగు, గోండి, దోర్లి ఏవీ రావు. సాక్షులు చెప్పేది పేష్కారు గారు హిందీలో చెప్పాలి. మనిషి చెడ్డవాడు కాదు. లంచం ముట్టడు, వేళ తప్పడు, నిద్ర మాత్రం ఆయన లెక్కలో దొంగతనంతో సమానం. వచ్చిన రోజే బూట్లు కిర్రుమనిపిస్తూ కచేరీ చుట్టూ తిరిగి వసారాలో ఆగాడు.

"యే సో రహా హై?"

"హుజూర్, పంకా చల్ రహా హై" అన్నారు పేష్కారు గారు వినయంగా.

నిద్రపోతున్నాడా అని అడిగితే పంకా ఊగుతోందన్న జవాబు ఆయనకు నచ్చలేదు. బూటు కొసతో తాత పడుకున్న చాప తట్టి లేపాడు. తాత లేచి, రెండు చేతులూ జోడించి, తనకు వచ్చిన హిందీలో మనవి చేసుకున్నాడు.

"హుజూర్, మై సోతా. పావ్ నహీ సోతా."

నేను నిద్రపోతాను, నా కాలు నిద్రపోదు. జవాన్లు మొహాలు తిప్పుకున్నారు. అధికారి నవ్వలేదు. ఇకమీదట పంకావాలా ముక్కాలిపీట మీద కూర్చోవాలి, తాడు చేత్తో లాగాలి, కళ్లు తెరిచి ఉండాలి. మళ్లీ నిద్రపోతూ కనబడితే ఆ రోజే ఇంకొకర్ని పెట్టుకుంటారు.

తాత పీట మీద కూర్చున్నాడు. మరునాటి నుంచి మా కచేరీకి మనశ్శాంతి లేదు.

కాలితో లాగేవాడికి గోడ కన్నం తల మీద ఎక్కడో ఉండేది. పీట మీద కూర్చున్నవాడికి అది సరిగ్గా మొహానికి ఎదురుగా వచ్చింది. ఆయనకు తెలుగు వచ్చు, దోర్లి వచ్చు, గోండి వచ్చు, సంతల్లో నేర్చిన హల్బీ వచ్చు. ఇన్నాళ్లూ ఆ హాల్లో ఏం జరుగుతోందో ఎరగని మనిషికి ఒక్కసారిగా తెర లేచినట్టయింది. సాక్షి మామూలు మాటలు చెబుతుంటే పంకా మామూలుగా ఊగేది. కథ రసకందాయంలో పడితే నెమ్మదించేది. అసలు మాట వచ్చేసరికి టక్కున ఆగేది. అందరం తలలెత్తి చూస్తే కన్నంలో ఒక కన్ను. దావా తేలిపోగానే సంతోషం పట్టలేక గట్టిగా లాగేవాడు, కాగితాలు హాలంతా ఎగిరేవి. అలాంటి ఒక సంతోషంలో నా సిరాబుడ్డి ఒరిగి నక్షలో నాలుగో మోరీ నల్లబడింది.

బర్రె దావా రోజు మరీ అన్యాయం. ఇద్దరు బావమరుదులు ఒకే బర్రె నాదంటే నాదని వచ్చారు. దాని కొమ్ము దసరాకు విరిగిందని ఒకడు ప్రమాణం చేస్తున్నాడు. పంకా ఆగింది. గోడలోంచి గొంతు వినబడింది.

"దసరాకు ఏడిదిరా? దీపావళికి గదా ఇరిగింది! నేను లేనా గాడ?"

ఎవరు మాట్లాడారని అధికారి ఉలిక్కిపడ్డాడు. "కౌన్ బోలా?"

పేష్కారు గారు పైకీ కిందికీ చూసి, ఇంకో దారి లేక చెప్పారు. "హుజూర్... పంకా బోలా."

మాకు నవ్వులాటగా ఉంది. తాతకు లేదు. పగలంతా కళ్లు తెరిచి కూర్చున్న మనిషి రాత్రి పాకలో కూలబడిపోతున్నాడు. ఒక పొద్దున ఆయన బిడ్డ పిల్లను చంకన వేసుకుని, తల మీద గంపతో కచేరీ మెట్లెక్కింది. గంప దించి తండ్రి పీట ముందు ఒక పుచ్చకాయ పెట్టింది. సగం లేదు. ఉన్న సగం నిండా పళ్ల గాట్లు.

"ఇగో, నీ అల్లుండ్లు తిని పొయ్యిన్రు" అంది. "నక్కలకు బంతి పెట్టినవు రాత్రి."

"నేను గుంజుతనే ఉన్న గదనే! డబ్బాలు మోగలేదా?"

"మోగినయి. ఎందుకు మోగలే! రాత్రంత ఒకటే తాళం. టక్కు, టక్కు, టక్కు. నిద్రల గుంజుతున్నవు నాయినా. రెండు దినాలల్ల నక్కలు ఆ తాళానికి అలవాటు పడ్డయి. తాళం మీదనే తింటున్నయి."

తాత కాయను అటూ ఇటూ తిప్పి చూసి, గాటు లేని చోట వేలితో తట్టాడు. "మంచిగ పండింది" అన్నాడు మెల్లగా. ఆయన గొంతులో గొప్ప లేకుండా నేను విన్న మాట అదొక్కటే.

"ఇంక పది దినాలు ఇట్లనే అయితె తోటల ఒక్క కాయ మిగలదు" అంది బిడ్డ, ఈసారి నా వైపు చూస్తూ. "కొలువు వదలమంటె ఈ నడుమ పూట గడిచేది దాంతోనే. ఉండమంటె కాయలు పాయె. మీరు సదివినోల్లు, ఏదన్న చెప్పుండ్రి సారూ."

నేను బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను గాని పని సాగలేదు. ఆవిడ తెలియకుండానే నాకు లెక్క విప్పి పెట్టింది. మెలకువలో ఆయన లాగుడు అదురుతుంది, ఆగుతుంది, ఎగురుతుంది. నక్కలను బెదరగొట్టడానికి సరిగ్గా అలాంటిదే కావాలి. నిద్రలో ఆయన లాగుడుకు తాళం ఉంటుంది. పంకాకు సరిగ్గా అలాంటిదే కావాలి. హుకుం ఒక్కటే తిరగబడి ఉంది.

కాని దాన్ని అధికారికి చెప్పే సందు లేదు. ఇంతలో అసలు పిడుగు పడింది. ఒక సారా దుకాణంలో కొలతలు తక్కువ ఉన్నాయని ఫిర్యాదు వచ్చింది. అధికారి తలుపులు మూయించి, మరునాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా తనిఖీకి పోదామని పేష్కారు గారితో అన్నాడు. హాల్లో ఉన్నది వాళ్లిద్దరూ, మూల బల్ల దగ్గర నేనూ. మరునాడు వెళ్లేసరికి దుకాణం ముందు నీళ్లు చల్లి ఉన్నాయి. కొత్త కొలపాత్రలు తళతళా మెరుస్తున్నాయి. దుకాణదారు బంతిపూల దండతో ఎదురొచ్చాడు.

తిరిగొచ్చి అధికారి మా ఇద్దరినీ నిలబెట్టాడు. మాట ఎవరు బయటపెట్టారు? పేష్కారు గారి మొహం వెలవెలబోయింది. మేం ఏం జవాబు చెబుతామో విందామని కాబోలు, పంకా ఆగింది.

ముగ్గురం కన్నం వంక చూశాం.

తాత దాచలేదు. "బజార్ల అడిగిన్రు హుజూర్, ఇయ్యాల కచేరీల ఏం ముచ్చట అని. చెప్పిన. నిద్రల ఉన్నన్ని దినాలు నా దగ్గర ముచ్చటే లేకుండె" అన్నాడు. పేష్కారు గారు దాన్ని హిందీలోకి మార్చి చెప్పారు. చివరి ముక్కను, ఆయన పుణ్యమా అని, ఒత్తి చెప్పారు.

"రేపటి నుంచి వేరే మనిషి" అన్నాడు అధికారి.

అప్పుడు నాకు నోరు వచ్చింది. "హుజూర్, వేరే మనిషికీ చెవులుంటాయి" అన్నాను. "మెలకువతో ఉన్నవాడెవడైనా వింటాడు. వింటే పంకా ఆగుతుంది, మాట బయటికి పోతుంది. ఒక్క పూట గడువివ్వండి. గీసి చూపిస్తాను."

గీయడం నా పని. పంకా ఝాలరుకు దారంతో ఒక కుంచె వేలాడదీసి సిరాలో ముంచాను. దాని కింద బల్ల మీద పొడవాటి కాగితపు చీలిక పరిచి, విచారణ సాగుతున్నంతసేపూ ఒకే వేగంతో పక్కకు లాగుతూ కూర్చున్నాను. పంకా ఊగితే కాగితం మీద అల పడుతుంది. ఆగితే తిన్నటి గీత పడుతుంది. పొద్దున తాత పీట మీద కూర్చుని లాగిన కాగితం కోడి కెలికినట్టుంది. నడుమ నడుమ జానెడు జానెడు తిన్నటి గీతలు. అధికారి ఒక గీత మీద వేలు పెట్టాడు.

"యహాఁ క్యా హువా?"

అక్కడ ఏం జరిగిందో పేష్కారు గారు తల గోక్కుని గుర్తు చేసుకున్నారు. "అక్కడ... సాక్షి, ఆ రాత్రి తాను ఎవరింట్లో ఉన్నదీ చెప్పాడు హుజూర్."

అధికారి మీసం కొరుక్కున్నాడు. నవ్వు ఆపుకోవడానికని తరువాత తెలిసింది. మధ్యాహ్నం తాతను నిద్రపోయి లాగమన్నాడు. సరిపోయినట్టు తేలితే కొలువు ఉంటుంది, లేకపోతే సాయంత్రానికి లెక్క చెల్లు.

ఇంతా చేస్తే అసలు చిక్కు అక్కడొచ్చింది. తాతకు నిద్ర రాలేదు.

అంబలి తాగాడు. "ఇగ నేను పోతున్న" అన్నాడు. తడిగుడ్డ వేసుకున్నాడు, మోకాలు మడిచాడు, తాడు తగిలించుకున్నాడు. కాలు ఊగుతోంది గాని అది మేలుకుని ఉన్న కాలేనని కుంచె చెబుతూనే ఉంది. అల మీద వణుకు. వసారా ముందు వేపచెట్టు నీడలో బిడ్డ పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పిల్ల కూడా నోట్లో వేలు పెట్టుకుని చూస్తోంది. జవాన్లు చుట్టూ నిలబడ్డారు. కాగితం లాగే పని ఒక జవానుకు అప్పగించి నేను వెళ్లి తాత పక్కన వంగాను.

"ఏంది తాతా?"

తడిగుడ్డ కింద నుంచి గుసగుస వచ్చింది. "నిద్ర హుకుం వింటదా సారూ? ఇందరు చూస్తుంటె సిగ్గు పడుతున్నది."

హాల్లో అధికారి వేళ్లతో బల్ల తడుతున్నాడు. పని లేకుండా కూర్చోవడం ఆయన ఒంటికి పడదు. "ఈలోగా నీ బాట అంచనా చదువు" అన్నాడు నాతో. నేను కన్నం పక్కన నిలబడి చదవడం మొదలుపెట్టాను. మొదటి మోరీ. పునాదికి రాయి ఇంత, సున్నం ఇంత, ఇసుక ఇంత. గోడలకు రాయి ఇంత, సున్నం ఇంత, ఇసుక ఇంత. రెక్కగోడలకు వేరే. పైన పరిచే బండలకు వేరే. రెండో మోరీ. పునాదికి రాయి ఇంత. నేను దేన్నీ వదిలిపెట్టే రకం కాదు. మూడో మోరీ రెక్కగోడల దగ్గరికి వచ్చేసరికి పేష్కారు గారి గడ్డం ఛాతీ మీదికి వాలింది. నాలుగో మోరీ సున్నం దగ్గర, గోడ అవతల నుంచి, సన్నగా మొదలై, లావై, హాయిగా ఒక గురక.

నేను కాగితం వైపు చూశాను. వణుకు పోయింది. అల తరువాత అల, అల తరువాత అల, అచ్చు గుద్దినట్టు. నా చేత్తో గీసినా అంత చక్కగా రావు.

అధికారి లేచి కుంచె దగ్గరికి వచ్చాడు. కాసేపు చూశాడు. తరువాత గోడ కన్నానికి నోరు దగ్గరగా పెట్టి, బయట చెట్టు కిందికి కూడా వినబడేంత గట్టిగా అన్నాడు.

"ఇస్ పంకావాలే కీ నౌకరీ ఖతమ్!"

ఈ పంకావాలా కొలువు ఊడింది. ఆ హిందీ చెట్టు కింద ఉన్న బిడ్డకు అర్థమయింది. "అయ్యో నాయినా" అని దిగ్గున లేచింది. పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. ఒక జవాను చేతిలో చెంబు జారి మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది. పేష్కారు గారు కూడా నిద్రలోంచి తుళ్లిపడి "హుజూర్!" అన్నారు.

కుంచె ఒక్క అల తప్పలేదు.

అధికారి ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని, తాత కొలువు ఊడిన మాట దగ్గర కూడా ఆగని ఆ గీతను వేలితో తడిమాడు. అప్పుడు నవ్వాడు. బొజ్జ ఊగేలా, కుర్చీ చెయ్యి పట్టుకుని నవ్వాడు. "ఇస్కో సోనే దో" అన్నాడు. వీణ్ణి నిద్రపోనివ్వండి. ఆ తరువాత ఇంకో మాట చేర్చాడు. విచారణ జరుగుతున్నంతసేపూ పంకావాలా నిద్రపోవలసిందే. మెలకువగా కనబడితే ఆ రోజు జవాబు చెప్పుకోవాలి.

బిడ్డ మెట్ల మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఏడుస్తూ నవ్వింది.

ఆ రాత్రి నుంచి ఇసుకలో డబ్బాలు తాళం తప్పి మోగాయి. నక్కలు ఆ వేసవికి పుచ్చకాయల ఆశ వదులుకున్నాయి. వానలకు ముందు ఒక రోజు ఆవిడ గంపెడు కాయలు కచేరీకి తెచ్చింది. అధికారి స్వయంగా కత్తి పట్టి కోశాడు. జవాన్లకు, పేష్కారు గారికి, నాకు, వాయిదాకు వచ్చిన బావమరుదులిద్దరికీ తలా ఒక ముక్క. మిగిలినవి సంతకు పోయాయి, వానకాలం గింజలై తిరిగొచ్చాయి. నా గోడ మీది పట్టికలో కూడా ఒక గడి పెరిగింది. జగదల్‌పూర్‌లో ఇప్పటికీ ఉంది. భోజనం తరువాత, నీడ వాలకముందు, ఒక దొప్పెడు. నిద్ర రాని రోజు మోరీల అంచనా ఒకసారి మనసులో చదువుకుంటాను.

అయితే ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా ఆ పరీక్ష నాటి సాయంత్రమే కళ్ల ముందు నిలుస్తుంది. కచేరీ కట్టేశారు. అధికారి వెళ్లిపోయాడు. ఖాళీ హాల్లో పంకా ఎవరికీ గాలి వేయకుండా ఊగుతూనే ఉంది. నేను, బిడ్డ, జవాన్లు ఆయన చాప చుట్టూ కూర్చున్నాం. లేపడానికి ఎవరికీ మనసు రాలేదు. స్తంభం నీడ నెమ్మదిగా జరుగుతూ వచ్చి మెట్టును తాకింది. కాలు ఆగింది. తాత తడిగుడ్డ తీసి, కళ్లు చిట్లించి, తన చుట్టూ చేరిన మొహాలన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. ఎవరి మీదా కోపం లేదు.

"ఎవలు గెలిచిన్రు?" అన్నాడు.

"నువ్వే తాతా" అన్నాను.

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, ఎప్పటిలాగే తల ఊపాడు.

"మంచిగయింది."